‘నా మీద ఒట్టు’ అనే మాటతో నా తగువు

మా జిల్లాల్లో నా ఉద్యోగానికి పేరు లేదు. కాగితం మీద సైకియాట్రిక్ సోషల్ వర్కర్ని. అంత పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగక, రాజమండ్రిలో ఆసుపత్రి ఆయాల దగ్గర్నుంచి సముద్రపొడ్డు ఊళ్లలో ఆశా కార్యకర్తల దాకా అందరూ నన్ను ‘మాటల మేడం’ అనేవారు. “మందివ్వదు, సూదెయ్యదు, మాటలు చెప్పి పోద్ది” అని దానికి వివరణ కూడా చెప్పేవారు. అది వెక్కిరింతే అయినా నేనెప్పుడూ దిద్దలేదు. నా పని నిజంగా అదే. మనసుకి జబ్బు చేసిన పిల్లతో ఇంట్లోవాళ్లు ఎలా మాట్లాడాలో నేర్పడం.

ఈ పనిలోకి రాబోయే మీకు ఓర్పు కావాలని అందరూ చెబుతారు. ఓర్పు కాలేజీలోనే నేర్పిస్తారు కాబట్టి దాని సంగతి నేను ఎత్తను. కోపం గురించి ఎవరూ చెప్పరు. నాకు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో వచ్చిన కోపం రిటైరయ్యాక కూడా తగ్గలేదు. తగ్గనందుకు సంతోషిస్తున్నాను. 

స్కిజోఫ్రీనియా అనే జబ్బులో ఎవరూ లేనిచోట గొంతులు వినపడతాయి. ఎవరో తనకి హాని తలపెట్టారని గట్టిగా అనిపిస్తుంది. తరచు కౌమారం చివర్లో, సరిగ్గా ఇంటర్ చదివే వయసులో మొదలవుతుంది. అందుకని మనవాళ్లు ముందు ‘చదువు ఒత్తిడి’ అంటారు. తర్వాత ‘ఏదో ప్రేమ వ్యవహారం’ అని పిల్ల ఫోన్ లాక్కుంటారు. ఆ తర్వాత ‘గాలి సోకింది’ అంటారు. ఆసుపత్రి అన్న మాట వచ్చేసరికి ఏడాది గడిచిపోతుంది. గుండెనొప్పి వస్తే ఏడాది ఆగుతారా? అరటితోటకి తెగులొస్తే ఆగుతారా?

ఊఁ కొట్టమన్న డాక్టరుగారు

నా మొదటి పై అధికారి మంచి వైద్యుడు. మందు విషయంలో ఆయన చెయ్యి తప్పగా నేను చూడలేదు. మాట విషయంలో మాత్రం ఆయనకి తీరిక లేదు. తల్లిదండ్రులకి ఒకే పాఠం: “వాడేమన్నా ఊఁ కొట్టండి. వాదించకండి. మాత్రలు ఆపకండి. తర్వాతెవరు?”

కొవ్వూరు నుంచి వచ్చిన ఒక తండ్రి ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాడు. ఎదురింటివాళ్లు తన బుర్రలోకి ఏదో పంపిస్తున్నారని కొడుకు అన్నాడు. తండ్రి ఊఁ అన్నాడు. వాళ్లని ఊరికే వదలకూడదన్నాడు కొడుకు. తండ్రి దానికీ ఊఁ అన్నాడు. మర్నాడు ఎదురింటి కిటికీ అద్దాలు పగిలాయి. పోలీసుల ముందు ఆ కుర్రాడు చెప్పింది ఒక్కటే: “మా నాన్న కూడా ఒప్పుకున్నాడండి.”

నేను వెళ్లి డాక్టరుగారి బల్ల ముందు నిలబడ్డాను.

“ఊఁ కొట్టడమంటే వాళ్లు ఒప్పుకోవడం అనుకుంటున్నారండి.”

“ఏమ్మా, బయట ఎంతమంది ఉన్నారో చూశావా?”

“చూశాను కాబట్టే అడుగుతున్నానండి. ఒక్కో ఇంటికి అరగంట ఇవ్వండి నాకు.”

“మెట్లకింద చీపుర్లు పెట్టే గదుంది. పోయి చెప్పుకో” అన్నారు. వెటకారంగా అన్నారో నిజంగా అన్నారో నేను ఆలోచించలేదు. చీపుర్లు బయట పెట్టించి అక్కడే కూర్చున్నాను. ఆయనే ఒకరోజు టీ తాగుతూ ఆ గదిలోకి తల పెట్టి, నేను ఒక తల్లికి ఏదో వివరిస్తుంటే విని, “నిజమా అబద్ధమా అని తేల్చే పని మనది కాదమ్మా. వాడికి ఎంత భయంగా ఉందో అడగమను” అని వెళ్లిపోయారు. ఏళ్లు గడిచినా దానికి మించిన పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. అంత తెలిసిన మనిషి దాన్ని రోజూ ఎందుకు చెప్పడని నాకు కోపం. ఆ కోపం ఇప్పటికీ అలాగే ఉంది.

పిల్లిని సాక్షికి పిలిచిన మాష్టారు

ఇక శిరీష సంగతి. పేర్లన్నీ మార్చాను.

మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే జాలరి ఊరు. తండ్రి సత్తిబాబు వేటకి వెళ్తాడు. తల్లి మంగ చేపలు తీసుకుని నరసాపురం బజారుకి వెళ్తుంది. శిరీషకి పదహారేళ్లు, ఇంటర్ మొదటి ఏడు. గొంతులు వినపడుతున్నాయని ఒక స్నేహితురాలికి చెబితే అది కాలేజీ అంతా పాకింది. ప్రిన్సిపాల్ తండ్రిని పిలిచి, “మిగతా పిల్లలు భయపడుతున్నారు, కొన్నాళ్లు ఇంట్లో ఉంచండి” అన్నాడట. అంటువ్యాధి అనుకున్నాడు కాబోలు ఆ ఎమ్మెస్సీ చదివినాయన.

ఊళ్లో పూనకం వచ్చే ఆవిడ దగ్గరికి తీసుకెళ్లారు. వేపమండలతో కొడుతూ “ఎవరు నువ్వు? ఎందుకొచ్చావు?” అని అడిగింది. కొంతసేపటికి శిరీష, కిందటేడు ఏట్లో పడి చనిపోయిన పక్కింటావిడ పేరు చెప్పింది. చెప్పిందని ఊరంతా పండగ చేసుకుంది. తర్వాత ప్రార్థన చేసేవాళ్లు వచ్చారు. వాళ్లూ అదే ప్రశ్న అడిగారు, అదే పేరు రాబట్టారు. వేపమండకి బదులు ప్రార్థన నూనె, అంతే తేడా. ఆ పేరెందుకు చెప్పావని నేను తర్వాత శిరీషని అడిగితే, “ఏదో ఒక పేరు చెప్పేదాకా కొడతానే ఉన్నారండి. అందరికీ తెలిసిన పేరని చెప్పానండి” అంది. ఇదండీ మన భూతవైద్యం. పోలీసు స్టేషన్లో లాఠీతో రాబట్టిన సాక్ష్యం కోర్టులో చెల్లదు. మన వీధుల్లో వేపమండతో రాబట్టిన సాక్ష్యం మాత్రం చెల్లుతుంది.

ఇలాంటి చోట మా హేతువాదులు ఉంటే ఎంత బాగుండునని మీరనుకోవచ్చు. ఉన్నారు. సత్తిబాబు అన్నగారు సైన్సు మాష్టారు. ఆయన నాకు పాత మిత్రుడు. మేమిద్దరం ఒకే వేదికల మీద బాణామతి గురించీ దొంగ బాబాల గురించీ గొంతులు చించుకున్నవాళ్లం. శిరీషని మా ఆసుపత్రికి తీసుకొచ్చి మందు రాయించింది ఆయనే. అందుకు ఆయనకి దణ్ణం పెట్టాలి. కానీ మందు ఆ పిల్ల నోట్లోకి వెళ్లడం లేదు. అన్నమూ వెళ్లడం లేదు. అమ్మ వండిన దాంట్లో విషముందని గొంతులు చెబుతున్నాయి. చేత్తో ప్యాకెట్ చింపుకుని బిస్కెట్లు మాత్రం తింటోంది.

నేను ఆ ఇంటికి వెళ్లేసరికి అరుగు మీద విచారణ జరుగుతోంది. మాష్టారు చందువా చేపల పులుసు గిన్నె ముందు పెట్టుకుని, అందులోంచి ఒక ముక్క తాను తిని, ఇంకో ముక్క పిల్లికి పెట్టి, గడియారం చూసుకుంటున్నారు.

“పిల్లి బతికుందా లేదా?”

“ఉంది పెదనాన్నా” అంది శిరీష.

“నేను బతికున్నానా?”

“ఉన్నావు.”

“మరి విషముందా? నువ్వే చెప్పు. లాజిక్కుగా చెప్పు!”

“ఆ ముక్కలు నాకు పెట్టేవి కాదు కదా పెదనాన్నా.”

“అయితే నువ్వు చెప్పిన ముక్కే తింటాను. ఏది?”

శిరీష కాసేపు గిన్నెలోకి చూసి, “వాదనలో నువ్వే గెలిచావు పెదనాన్నా. నేను తినను” అని లోపలికి వెళ్లిపోయింది.

మాష్టారు నావైపు తిరిగి, “చూశారా, ఎంత మొండిదో” అన్నారు.

నాకు ఒళ్లు మండింది. “పిల్లిని సాక్షికి పిలిచారు గానీ, ఆ పిల్లకి ఎంత భయంగా ఉందో అడిగారా మాష్టారూ?” అన్నాను. వేపమండ పట్టినావిడా ఈయనా ఆ పిల్లని ఎదురుగా నిలబెట్టి ఒప్పుకోమనే అడిగారు. ఆవిడ దెయ్యం ఉందని ఒప్పుకోమంది, ఈయన లేదని ఒప్పుకోమన్నాడు. ఇద్దరిలో నిజం ఈయన వైపే ఉంది. దానివల్ల ఆ పిల్ల కడుపు నిండలేదు. మా ఉద్యమంలో ఉన్నవాళ్లకి ఈ మాట రుచించదు. అయినా రాస్తాను. ఎదుటివాడి అబద్ధాన్ని ఓడించడానికి మనం నేర్చుకున్న వాదన, జబ్బుపడిన పిల్ల భయాన్ని ఓడించదు. భయం సభకి రాదు.

ఆదివారం వ్యాను

మంగ నన్ను వంటింట్లోకి పిలిచి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆదివారం తీసుకెళ్లిపోతారండి మేడంగారూ. ఊరిపెద్ద చెప్పేశాడు. ఏటికవతల పెడతారంట. నయమయ్యేదాకా అక్కడే ఉండాలంట.”

ఏటికవతల ఉన్న ఆ స్థలాన్ని నేను చూశాను. దాని మీద ఏ మతం బోర్డు ఉందో రాయను. అలాంటివి అన్ని మతాల బోర్డుల కిందా చూశాను. అన్నిటిలోనూ కామన్‌గా ఉండేది గొలుసు. కాలికి వేసి స్తంభానికి కడతారు. ‘నయమయ్యేదాకా’ అంటే ఇంట్లోవాళ్లు వచ్చి అడిగేదాకా. కొంతమంది కోసం ఎవరూ వచ్చి అడగరు.

“నువ్వు ఒప్పుకున్నావా?” అన్నాను.

“ఏం చెయ్యమంటారండి? రాత్రిపూట అది నిద్రపోదండి. నా పక్కన కూర్చుని నా మొహంలోకి మొహం పెట్టి చూస్తా ఉంటాది. ముక్కు దగ్గర చెయ్యి పెడతాది. పీక నొక్కేస్తాదేమోనని మా ఆయనకి భయం. చిన్నోడిని మా అమ్మగారింటికి పంపేశాం.”

అదీ సంగతి. పిల్ల తల్లిని చంపుతుందని ఊరు తీర్పిచ్చేసింది. ఆ పిల్లని ఎవరూ అడగలేదు.

నేను వెళ్లి శిరీష పక్కన, కాస్త ఎడంగా కూర్చున్నాను. ఎదురుగా కూర్చోకండి, అది కూడా విచారణలాగే ఉంటుంది. వాకిట్లో సత్తిబాబు తల ఎత్తకుండా వల బాగుచేసుకుంటున్నాడు.

“పళ్లెం ముందుకొస్తే ఏమనిపిస్తుందమ్మా?”

“భయమేస్తదండి.”

“విషమనా?”

“మొదట్లో అందుకేనండి. ఇప్పుడు రెండు భయాలండి. తింటే నేను చచ్చిపోతానని వాళ్లంటున్నారు. తినకపోతే అమ్మ చచ్చిపోతాదని అమ్మ అంటోంది.”

“అమ్మ ఎప్పుడంది?”

“రోజూ అంటాది. ‘నా మీద ఒట్టు, ఈ ముద్ద తినకపోతే నేను చచ్చినంత ఒట్టు’ అంటాది. మాత్రకీ అలాగే అంటాది. నేను తినలేదండి. మాత్రా వేసుకోలేదు. అందుకని రాత్రి అమ్మ ఊపిరి ఉందో లేదో చూసుకుంటన్నాను.”

వాకిట్లో సత్తిబాబు చేతులు వల మీద ఆగిపోయాయి.

ఒట్టు గురించి నాలుగు మాటలు

మనం ప్రేమ పేరుతో చేసే బెదిరింపుల్లో ఒట్టుని మించింది లేదు. పిల్లాడు చదవకపోతే ఒట్టు, మొగుడు తాగితే ఒట్టు, చుట్టం భోంచెయ్యకుండా వెళ్తే ఒట్టు. మన ప్రాణం తీసి ఎదుటివాడి నెత్తిన పెట్టి, ఇక నీ ఇష్టం అంటాం. మామూలు పిల్లలు పట్టించుకోరు. చెవులు గట్టిపడిపోయి ఉంటాయి. ఆ జబ్బులో ఉన్న పిల్లకి మాత్రం ప్రతి మాటా తనకోసమే, అక్షరాలా జరగబోయేదే. లోపలి గొంతులు ‘చస్తావు’ అని బెదిరిస్తుంటే, బయట్నుంచి కన్నతల్లి ‘చస్తాను’ అని బెదిరిస్తోంది. ఇంక ఆ పిల్ల ఎటు పోవాలి? గొంతుల్ని మందు తగ్గిస్తుంది. తల్లి మాటకి మందేది?

మంగకి ఇదే చెప్పాను. “ప్రేమతోనే అన్నానండి...”

“తెలుసు. ఇప్పుడు దాన్ని తీసెయ్యి.”

మాష్టారు అరుగు మీంచి లేచి వచ్చారు. “ఏంటండి మీరనేది? ఒట్టుకి శక్తే లేనప్పుడు తీసేదేముంది? తియ్యమంటే ఉందని ఒప్పుకున్నట్టే కదా! రేపు దిష్టి కూడా తియ్యమంటారా? మీ నోట్లోంచి ఈ మాట వస్తుందనుకోలేదు.”

“సభలో మీరు ఒకరిని నోరు జారి తిట్టారనుకోండి. ఆ మాట వెనక్కి తీసుకుంటారా, తీసుకోరా?”

“అది మర్యాద.”

“ఇదీ మర్యాదే. కూతురికి తల్లి బాకీపడ్డ మర్యాద. మీ సిద్ధాంతం నాకు వదిలేసి కాసేపు కూర్చోండి మాష్టారూ.”

ఆయన కూర్చోలేదు. పిల్లి గిన్నె తీసుకుని పెరట్లోకి వెళ్లారు.

మంగకి నేను పెద్ద పెద్ద వాక్యాలేవో నేర్పబోయాను. ఆవిడ వినలేదు. కూతురి పక్కన చతికిలబడి, చిన్నపిల్లలు ఆటల్లో అనుకునే మాట అంది. “శిరీ, ఒట్టు తీసి గట్టున పెట్టేశానే.”

శిరీష అనుమానంగా చూసింది. “ఏ ఒట్టు?”

“అన్నీ.”

“మాత్రది?”

“అది కూడా.”

“పదో తరగతిలో లెక్కలు పాసవకపోతే అన్నావు. అది?”

“ఓసి నీ అఘాయిత్యం కూలా! పాసయ్యావు కదే!” మంగ ఏడుస్తూనే నవ్వింది. “అది కూడా తీసేశాను. నువ్వు తిన్నా తినకపోయినా నేను చావను. ఆ గొంతులేవో నాకు వినపడట్లేదు. నీకు వినపడతన్నాయంటే మాత్రం నేను నమ్ముతాను. నిన్ను ఒక్కదాన్ని చేసి భయపెట్టానే.”

నేను రాసిపెట్టుకున్న వాక్యాలన్నీ కలిపినా అంత బాగా ఉండవు. చూడండి, ఆవిడ ఊఁ కొట్టలేదు. వాదించలేదు. తనకి వినపడదన్న నిజం దాచలేదు, కూతురికి వినపడుతుందన్న నిజాన్నీ కొట్టెయ్యలేదు. మీరు శిక్షణలో వినే సంగతంతా ఇదే.

శిరీష వెంటనే పులుసన్నం తినేసిందని రాస్తే మీకు బాగుంటుంది. తినలేదు. చాలాసేపటికి, “గుడ్డు ఉడకబెట్టు. పెంకు నేనే తీసుకుంటాను” అంది. మంగ మొహం చిన్నబోయింది. తన చేతి వంట మీద నమ్మకం లేదనేగా! నేను కళ్లతోనే వారించాను. పెంకులోపలికి ఎవరూ ఏమీ కలపలేరని ఆ పిల్ల తన భయానికి తనే ఒక దారి వేసుకుంది. ఆ దారికి అడ్డం పడకూడదు. మాత్ర కూడా షీటులోంచి తనే నొక్కి తీసుకుంది. ఆ పూటకి ఒక గుడ్డు, ఒక మాత్ర.

జబ్బు గుడ్డుతో పోలేదు. మందు పనిచెయ్యడానికి వారాలు పట్టింది. తర్వాతి ఏళ్లలో రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. గొంతులు సన్నబడ్డాయి గానీ పూర్తిగా పోలేదు. మాటలు జబ్బుని నయం చేస్తాయని మీతో ఎవరైనా అంటే వాళ్లని కూడా దొంగ బాబాల జాబితాలో వేసుకోండి. మాటలు చెయ్యగలిగింది, మందు వేసుకునేదాకా పిల్లని ఇంట్లో ఉంచడం. శిరీష విషయంలో అదైనా చెయ్యగలిగాయా అన్నది ఆదివారం తేలాలి.

ఆ ఉదయం

సెలవురోజైనా మొదటి బస్సుకే వెళ్లాను. దారి పొడుగునా వాదన సిద్ధం చేసుకున్నాను. చట్టం, హక్కులు, గొలుసులు, అన్నీ.

వ్యాను అప్పటికే సందులోకి వచ్చి నిలబడింది. ఒకపక్క కాలవ, ఒకపక్క ఇళ్ల గోడలు. ఊరిపెద్ద వాకిట్లో ఉన్నాడు. చెడ్డవాడు కాదు. తుపానొస్తే అందరి పడవలూ ఒడ్డుకి లాగించేదాకా నిద్రపోని మనిషి. ఇలాంటి ఘోరాలు మన ఊళ్లలో మంచివాళ్ల చేతుల మీదుగానే జరుగుతాయి, నాకు మంట పుట్టించేది అదే.

“సత్తిబాబూ, పిల్లని తయారుచేశారా?”

సత్తిబాబు మంగ వైపు చూశాడు. మంగ కూతురి వైపు తిరిగి, “ఎల్తావా?” అంది.

“ఎల్లను” అంది శిరీష. మెల్లగా, స్పష్టంగా.

ఊరిపెద్ద జాలిగా తల ఊపాడు. “పిచ్చిదానా, దాన్నడుగుతావేంటే మంగా? ఆ మాట్లాడేది పిల్ల కాదు. దాని లోపలున్నది.”

నేను నోరు తెరవబోయాను. మంగ నన్ను పక్కకి జరిపింది.

“పదారేళ్లు పెంచాను బాబాయ్. నా పిల్ల గొంతు నాకు తెలవదా? అది ఎల్లనంది.”

“రేపు నీ పీక పట్టుకుంటే?”

“అది నా ఊపిరి చూసుకుంటాంది. మీకెవరికైనా ఉందా నా ఊపిరి మీద అంత బెంగ?”

సత్తిబాబు వల పక్కన పెట్టి లేచి వెళ్లి, వ్యాను తలుపు మూసి, “ఎల్లిపోండి బాబూ” అన్నాడు. ఆ రెండు రోజుల్లో ఆ మనిషి నోట విన్న మొదటి మాట అది. ఊరిపెద్ద కండువా దులుపుకుని, “మీ ఇష్టం. మళ్లీ నా దగ్గరికి రావద్దు” అని నడిచి వెళ్లిపోయాడు. నా వాదన నా నోట్లోనే ఉండిపోయింది.

డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. సందులో తిప్పడానికి చోటు లేదు. వెనక్కే వెళ్లాలి. వెనకటైరు కాలవ అంచుకి జరుగుతుంటే చూసేవాళ్లంతా దూరం జరిగారు గానీ ఒక్కరూ సాయం రాలేదు. శిరీష వాకిట్లోంచి దిగి బండి వెనక్కి వెళ్లి నిలబడింది. పక్క రేకుల మీద అరచేత్తో కొట్టింది.

“ఆగండాగండి! కాలవుంది. కుడికి కొట్టండి. ఇంకొంచెం. ఆఁ, ఇప్పుడు రానియ్యండి... రానియ్యండి... రానియ్యండి.”